ఖాళీ బండి బ్రేకు

శనివారం పొద్దున పవన్ రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీత గీశాడు. ప్రొద్దుటూరు బైపాసు పక్కన, బండ్లకు కమాన్ కట్టలు బిగించే నూర్ అహ్మద్ షెడ్డు ముందర. బంపరు చొట్టపడి, ఒక లైటు పగిలిన పికప్ బండిని దూరం నుంచి వేగంగా తెచ్చి, ముందు చక్రాలు గీత తాకగానే బ్రేకు తొక్కాడు. కీచుమని ఒకే ఒక్క అరుపు. బండి గుంజకు కట్టేసినట్టు నిలబడింది.

“ఇంగోసారి,” అన్నాడు ఆదినారాయణ.

పవన్ ఇంకోసారి తెచ్చాడు. ఇంకోసారీ అట్లాగే నిలబడింది.

ఆదినారాయణ రెడ్డి పులివెందులలో బండల వ్యాపారి. జమ్మలమడుగు దగ్గర పాలిష్ పట్టిన నాపరాళ్లు తెప్పించి అమ్ముతాడు. బండి ఆయనది. పవన్ ఆయన అన్న కొడుకు. బంపరు మీది చొట్ట మాత్రం డ్రైవరు బాబ్జీ పుణ్యం. మంగళవారం మధ్యాహ్నం లోడుతో ముద్దనూరు ఘాట్ దిగి, కింద రోడ్డు పక్కన ఉడకబెట్టిన శనక్కాయలు అమ్ముకునే వనజమ్మ పందిట్లోకి బండిని దూర్చేశాడు. పందిరి నేలమట్టమైంది. వనజమ్మ ముంజేయి విరిగింది.

“బ్రేకు పడలేదంటివి గదరా,” అన్నాడు ఆదినారాయణ.

బాబ్జీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. “తొక్కినా అన్నా. దేవుని తోడు తొక్కినా. పెడల్ గట్టిగానే ఉండాది, రాయి మాదిరి. బండి నిలబల్యా.”

“పెడల్ గట్టిగా ఉంటే బండెందుకు నిలబడదు? నూరూ, నువ్వన్నా చెప్పు.”

నూర్ అహ్మద్ బండి కింద నుంచి వీపు మీద జారుకుంటూ బయటికొచ్చి, మోచేతుల దాకా ఉన్న నల్లటి జిడ్డును గుడ్డతో తుడుచుకున్నాడు. “లీకు లేదు. ఆయిలు నిండుగా ఉండాది. ముందర ప్యాడ్లు అరిగినాయి, మార్చేసినా. వెనక లైనర్లయితే కొత్తవి మాదిరే ఉండాయి. బ్రేకులో దోషం కనపడల్యా అన్నా.” ఆ మాట బాబ్జీ మొహం చూడకుండా చెప్పాడు.

“ఇంకేముంది. కునుకు పట్టింటాది.” ఆదినారాయణ గొంతులో కోపం లేదు. “తిని ఎక్కింటావు, ఎండ. మనిషన్నాక పట్టదా? నిన్నేమన్నా ఉరేస్తామంటిమా? కునుకు పట్టిందని స్టేషన్లో ఒప్పుకో, ఆడికి అయిపోతాది. నీ తప్పు తీసకపోయి బండి మీదికి తోస్తావేందిరా?”

బాబ్జీకి ఎదురుగా బండి, ఎదురుగా గీత. పదిమంది చూస్తుండగా ఇనుము సాక్ష్యం చెప్పింది. మనిషి మాట దాని ముందు ఏపాటిది! పవన్ తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతూ, “సోమవారం నించి నేనే తోలుతా చిన్నాయనా,” అన్నాడు. ఆదినారాయణ సరేనని తలూపాడు.

ఆదివారం చర్చి ఆరాధనలో పాస్టరు ఫిలిప్ అయ్యగారు రోగుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, వాన కోసం ప్రార్థన చేశాక గొంతు కొంచెం తగ్గించాడు. “ప్రభువా, స్టీరింగు ముందర నిద్రమత్తుకు లోబడిన మా సోదరుడు బాబ్జీని జ్ఞాపకము చేసుకొనుము. ఆయన కన్నులను తెరచి ఉంచుము.” మంచి మనసుతోనే అన్నాడు, అదే వచ్చిన చిక్కు. తిట్టినవాణ్ని తిరిగి తిట్టొచ్చు, మనకోసం ప్రార్థన చేసేవాణ్ని ఏం చేస్తాం? చర్చి నిండా ఆమెన్ అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి వచ్చిన ఆమెన్‌లో రత్నమణి గొంతు బాబ్జీకి విడిగా వినబడింది. కట్టుకున్నదాని గొంతు ఎంతమందిలో ఉన్నా తెలుస్తుంది.

ఇంటికొచ్చి చెప్పు విడవకుండానే అడిగాడు. “నువ్వు గూడా ఆమెన్ అంటివే?”

“ప్రార్థనకు ఆమెన్ అనకపోతే ఇంగేమంటారు?”

“నేను నిద్రపోయినానని నువ్వు గూడా అనుకుంటాండావు.”

రత్నమణి చెయ్యి తడుపుకుని రాగిసంగటి ముద్దను తిప్పుతోంది. ముద్ద నున్నగా అయినా తిప్పుతూనే ఉంది. “ముందు రోజు రాత్రి ఏంజెల్ పాపకు జ్వరమని తెల్లారేదాకా ఇద్దరం కూసోనుంటిమి గదా,” అంది చివరికి. “నువ్వు అబద్ధం చెప్తాండావని నేనంటాన్నానా? కునుకు పట్టినోనికి పట్టినట్టు తెలుస్తాదా అంటాన్నా.”

బాబ్జీ అలిగి లేచిపోలేదు. కూర్చుని సంగటి తిన్నాడు. నిజమే, తెలుస్తుందా? మంచం మీద పడుకుని కళ్లు మూసుకుని ఆ మధ్యాహ్నాన్ని మళ్లీ నడిపించుకున్నాడు. ఆఖరి మలుపు. వనజమ్మ పందిరి మీది పచ్చ టార్పాలిన్ పట్ట. కాలు బ్రేకు మీద. పట్ట పెద్దదవుతూ పెద్దదవుతూ అద్దమంతా అయిపోయింది. ఇదంతా చూశాడా, పడి లేచాక అతికించుకున్నాడా? కళ్లు తెరిచే ఉన్నాయని కళ్లు మూసుకుని రుజువు చేసుకోబోతే ఎట్లా! అతనికి భయమేసింది. జైలుకు కాదు. రేపు ఎవరి బండి ఎక్కినా పక్కన కూర్చున్నవాడు రోడ్డు చూడడు, బాబ్జీ కళ్లు చూస్తాడు. అట్లాంటి డ్రైవరుకు ఎవరు స్టీరింగు ఇస్తారు? అసలు తనకు తాను ఇచ్చుకుంటాడా?

సోమవారం పొద్దున వెదురు బొంగులు, కొత్త పట్ట, గడ్డపార బస్సు మీద వేసుకుని ఘాట్ కిందికి పోయాడు. వనజమ్మ చెయ్యి మెడకు వేలాడేసుకుని, విరిగిన పందిరి పక్కన గొడుగు కింద పొయ్యి పెట్టుకుని కూర్చుంది. అతన్నీ గడ్డపారనూ కిందికీ మీదికీ చూసింది.

“చెయ్యి ఇరగ్గొట్టి ఇప్పుడు పందిరేసేదానికి వచ్చినావా? వచ్చినోనివి గుంత లోతుగా తియ్యి. ఇంగొకడు వచ్చి గుద్దినా నిలబడల్ల.”

బాబ్జీ గుంత తీశాడు. ఎర్రమట్టి కింద గులకరాయి తగిలింది. నాలుగు పోట్లు పొడిచి, మట్టి చేత్తో తోడిపోశాడు. తలెత్తకుండానే అన్నాడు. “నిద్రపోయినా అక్కా. తప్పయిపాయ.”

“ఎవురు? నువ్వా?”

“ఊఁ.”

“ఎవురు చెప్పినారు?”

“అందరూ.”

“అందరూ ఆ పొద్దు ఈడుండిరా?” వనజమ్మ గరిటె కుండలో వదిలేసింది. “నేనుంటి ఈడ. కళ్లు ఇంతింత చేసుకోని, కిటికీలో తల పెట్టి నా మీద అరుస్తాంటివి గదయ్యా! ‘లెయ్ అక్కా, లెయ్’ అని. నువ్వరవబట్టే లేస్తి. లేకుంటే చెయ్యి గాదు, నేనే పోయుందు. నిద్రపోయినోడు యాడన్నా అట్ల అరుస్తాడా?”

బాబ్జీ గడ్డపార మీద ఆనుకుని ఆమెను చూశాడు. అరిచిన సంగతి అతనికి అస్సలు గుర్తు లేదు. “ఈ మాట యెవురికన్నా చెప్పినావా అక్కా?”

“నన్నెవురడిగినారు? పోలీసాయన వచ్చె, నీ పేరేంది, వయసెంత అనె, పాయ. మీ రెడ్డి వచ్చె, ఆస్పత్రికి తీసకపోయె, పాయ. నువ్వు నిద్రపోయినావా లేదా అని యెవురూ అడగల్యా.”

ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. గుంత పక్కనే చతికిలబడి, మట్టిచేతులతో మొహం కప్పుకుని బాబ్జీ ఏడ్చాడు. సంతోషమో ఉక్రోషమో, రెండూనేమో. వనజమ్మ కాసేపు చూసి ఒంటిచేత్తో దోసెడు శనక్కాయలు కాగితంలో పోసి అతని ముందు పెట్టింది. “చాల్లే, తిను. ఇంగా మూడు గుంతలుండాయి.”

మూడో గుంత తీస్తుండగా ఘాట్ మీద నుంచి హారన్ వినిపించింది. పవన్ లోడుతో దిగి, పందిరిని దాటి చాలా ముందుకు పోయి బండి ఆపాడు. కాలిన వాసన గుప్పుమంది. ముందు చక్రాల దగ్గర సన్నగా పొగ.

“కొత్త ప్యాడ్లు గదా, అట్లే ఉంటాది,” అన్నాడు పవన్ దిగుతూ. మొహం మాత్రం పాలిపోయి ఉంది. “లోడు మీద కొంచెం లేటుగా పట్టుకుంటాది, అంతే.”

బాబ్జీ వనజమ్మ చెంబులో నీళ్లు తీసుకుని ముందు చక్రం మీద చల్లాడు. చుయ్‌మని ఆవిరి లేచింది. వెనక్కి పోయి వెనక చక్రం డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి, కాలుతుందేమోనని చప్పున తీసేసుకున్నాడు. కాలలేదు. ఈసారి అరచెయ్యి పూర్తిగా ఆనించాడు. నీళ్లకుండ మాదిరి చల్లగా ఉంది. ఘాట్ అంతా బ్రేకు మీద దిగిన బండికి వెనక బ్రేకు చల్లగా ఉంది!

లేచి నాలుగడుగులు దూరం పోయి బండిని పక్క నుంచి చూశాడు. నిండా బండలున్నాయి. అయినా వెనక భాగం ఖాళీ బండికి ఉన్నట్టే పైకి నిక్కి ఉంది. ఇన్నాళ్లూ దాన్ని చూసి మురిసిపోయినవాడే. మా వైపు కొత్త బండి కొన్నవాడు షోరూము నుంచి నేరుగా గుడికో చర్చికో పోడు. ముందు కమాన్ కట్టల షెడ్డుకు పోతాడు. వెనక బరువు మోసే ఆ ఇనుప పట్టీల కట్టలో ఇంకో రెండు పట్టీలు ఎక్కించుకుంటాడు. ఎంత లోడు పడేసినా బండి కుంగకూడదు. కుంగితే అవమానం, నిక్కితే మర్యాద. అట్లాంటి మర్యాద ఈ బండికి కూడా జరిగింది, నూర్ అహ్మద్ చేతుల మీదుగా.

మిగిలిన గుంతలు తీసి, పందిరి నిలబెట్టి, పట్ట కట్టి, బాబ్జీ ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

నూర్ అహ్మద్ ఒక టమాటాల బండి కింద పడుకుని బోల్టు బిగిస్తున్నాడు. బాబ్జీ పక్కన గొంతుక్కూర్చుని ఒకే మాట చెప్పాడు. “ఘాట్ దిగినాక ముందు చక్రాలు పొగలు కక్కుతాండాయి భాయ్. వెనక డ్రమ్ములు చల్లగుండాయి.”

రెంచి ఆగింది.

“లోపలికి రా,” అన్నాడు నూర్ అహ్మద్.

బాబ్జీ వెల్లకిలా దూరాడు. నూర్ అహ్మద్ టార్చి వేసి, వెనక ఇరుసు నుంచి పైకి పోయే చిటికెన వేలంత కడ్డీని చూపించాడు. కడ్డీ పై కొస చాసీకి బిగించిన పిడికెడంత ఇనుప డబ్బాకు తగిలించి ఉంది. దుమ్ము పట్టి ఉంది.

“ఇది వాల్వు. వెనక బ్రేకుకు పోయే ఆయిలు జోరంతా దీంట్లో నించే పోతాది. లోడు పడితే బండి కిందికి దిగుతాది గదా, అప్పుడు ఈ కడ్డీ పైకి తోస్తాది. వాల్వు తెరుచుకోని వెనక్కి ఫుల్ జోరు వదుల్తాది. ఖాళీగుంటే బండి ఎత్తుగుంటాది, అప్పుడు వాల్వు జోరు తగ్గిస్తాది.”

“తగ్గించేది ఎందుకు?”

“ఖాళీ బండి వెనక తేలిగ్గుంటాది. అంత జోరిస్తే వెనక చక్రాలు బిగుసుకోని తోక తిప్పుతాది. అందుకని.” టార్చి వెలుగు కడ్డీ మీద నుంచి, ఆ బండికి కూడా వేసిన అదనపు పట్టీల మీదికి జరిగింది. “మనమేం చేసినాము? రెండు పట్టీలు ఎక్కించినాము. ఇప్పుడు ఎన్ని బండలు పెట్టినా బండి దిగదు. వాల్వుకు బండలుండాయని తెలీదు. ఖాళీ అనుకోని వెనక బ్రేకు పొదుపుగా ఇస్తాంటాది. బరువంతా ముందు చక్రాలే ఆపల్ల. ఎన్నని ఆపుతాయి!”

“వెనక లైనర్లు కొత్తవి మాదిరి ఉండేది అందుకేనా?”

“అందుకే. అవి పని చేస్తే గదా అరిగేది.”

బాబ్జీ గొంతు మారింది. “ఇంత తెలిసినోనివి శనివారం పొద్దు ఏందప్పా చెప్పింది?”

“ఖాళీ బండి మీద చూస్తి. నిలబడె. అల్లా తోడు, తట్టల్యా బాబ్జీ. ఆ కడ్డీ జోలికి మేమెవురమూ పోము, అదేదో కంపెనీ సంగతి అనుకుంటాము.” నూర్ అహ్మద్ తల తిప్పుకున్నాడు. “ఒక పని చేస్తా. కడ్డీని పైకెత్తి వైరుతో కట్టేస్తా. వెనక ఎప్పుడూ ఫుల్ జోరే. కాణీ ఖర్చు లేదు.”

“వాన పడినపుడు ఖాళీగా తిరిగొస్తే?”

నూర్ అహ్మద్ టార్చి ఆర్పేశాడు.

“తోక తిప్పుతాదని ఇప్పుడే గదా చెప్తివి! అప్పుడు గూడా బాబ్జీ నిద్రపోయినాడంటారు.” బాబ్జీ బయటికి జరిగి లేచాడు. “శనివారం పదిమందిలో దోషం లేదంటివి. ఇది గూడా ఆ పదిమందిలోనే చెప్పు.”

“చెప్తే నా షెడ్డుకు ఇంగెవురొస్తారప్పా? ఈ రోడ్ల మీద తోక నిక్కిన ప్రతి బండీ నాదే.”

“నేను యెవురి బండీ ఎక్కలేకపోతాండా భాయ్. నా పెండ్లామే నమ్మల్యా.”

నూర్ అహ్మద్ డీజిలుతో చేతులు కడుక్కున్నాడు. గోళ్ల సందులు కూడా కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. చొక్కా తగిలించుకున్నాక ఫోను తీసి ఆదినారాయణకు చేశాడు. “రేపు పవన్ లోడుతో దిగే టయానికి ఘాట్ కిందికి రాన్నా. చిన్న గేర్లో మెల్లగా దిగమను వాన్ని. ఫోన్లో చెప్పేది కాదు.”

మరుసటి రోజు వనజమ్మ కొత్త పందిట్లో నిలబడి నూర్ అహ్మద్ చెప్పిందంతా ఆదినారాయణ విన్నాడు. విని నవ్వాడు. “పట్టీలేస్తే బ్రేకు పోతాదా? ఈ జిల్లాలో పట్టీలెయ్యని బండి ఒకటి చూపించు నూరూ!” శనక్కాయలు తింటున్న వాళ్లు నలుగురైదుగురు కూడా నవ్వారు. బండి దిగి వచ్చిన పవన్ ఒక్కడే నవ్వలేదు.

“వాడు నిద్రపోల్యా రెడ్డీ, నేను చూసినా,” అంది వనజమ్మ.

“నీకేం తెలుసులేమ్మా.”

బాబ్జీ ముందుకొచ్చాడు. “నువ్వే తోలి చూడన్నా. దిగుడులో వద్దు, ఈ సమానం రోడ్డు మీద. శనివారం పవన్ తోలిన స్పీడులోనే తోలు. ఆ కిలోమీటరు రాయి కాడ తొక్కు. బండి నిలబడితే, నిద్రపోయినానని నేనే స్టేషన్లో చెప్తా. ఇంగ జన్మలో స్టీరింగు ముట్టుకోను.”

ఆదినారాయణ చెయ్యి చాపాడు. పవన్ తాళంచెవి ఇచ్చాడు. ఆదినారాయణ లారీ తోలి పైకొచ్చిన మనిషి, స్టీరింగు కొత్త కాదు. పంచె ఎగ్గట్టి ఎక్కి, దూరం పోయి తిప్పుకుని వచ్చాడు. మరీ వేగం కూడా కాదు. రాయి దగ్గర బ్రేకు తొక్కడం అందరికీ కనబడింది, బండి ముక్కు నేల వైపు వంగింది గనక. వంగిన ముక్కుతోనే రాయిని దాటింది. ముందు టైర్లు అరుస్తున్నాయి, వెనక చక్రాలు తమకేమీ పట్టనట్టు దొర్లుతున్నాయి. రోడ్డు వారగా నిలబడ్డవాళ్లు గబగబా వెనక్కి తప్పుకున్నారు. పందిరిని దాటి, పక్కనున్న కల్వర్టును దాటి, ఇంకా అవతలికి పోయి అప్పటికి ఆగింది.

ఆదినారాయణ వెంటనే దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. బాబ్జీకి ఆయన వెన్ను మాత్రం కనబడుతోంది. ఏం చెబుతాడో! కాలు జారిందనొచ్చు, చెప్పు అడ్డం పడిందనొచ్చు. ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు అక్కడ లేరు.

దిగి నడిచి వచ్చాడు. నుదుటి మీద చెమట తుడుచుకోలేదు.

“ఏమన్నా, నిలబల్యా?” అన్నారెవరో.

“నేను కళ్లు తెరుచుకోనే ఉంటిని,” అన్నాడు ఆదినారాయణ అందరికీ వినబడేలా. “పోయిన మంగళవారం వాడు గూడా తెరుచుకోనే ఉండాడు. నిద్ర నేను అంటగట్టినా వానికి.” బాబ్జీ వైపు తిరిగాడు, కానీ కళ్లు కలపలేకపోయాడు. “స్టేషనుకు నేనే వస్తాలేరా. బండి నాది, పట్టీలు నేనే ఏయించినా అని చెప్తా. రేపు ఆ పట్టీలు తీసేయి నూరూ. ఆ కడ్డీ కొలత కంపెనీవాళ్లు ఎట్ల చెప్తే అట్ల పెట్టు.”

“లోడు తగ్గుతాదన్నా,” అన్నాడు నూర్ అహ్మద్.

“తగ్గనీ.”

తాళంచెవి బాబ్జీకి చాపాడు. బాబ్జీ తీసుకోలేదు. “ఇట్ల తోలను. సగం దించల్ల.”

దించడానికి కూలీలు లేరు. బాబ్జీ బండెక్కి మొదటి బండను అంచు మీద నిలబెట్టాడు. అవతలి కొస పట్టుకోవడానికి పవన్ వచ్చేలోపే ఆదినారాయణ వచ్చి చేతులు పెట్టాడు.

“నువ్వొద్దన్నా.”

“పట్టుకో రా.”

“వేళ్లు కింద పెట్టొద్దు, నలుగుతాయి. అంచు పట్టుకో. ఇద్దరం ఒకేసారి దించల్ల.”

చెప్పినట్టే పట్టుకున్నాడు. మెల్లగా దించి రోడ్డు పక్కన ఆనించారు. రెండోది దించారు. వనజమ్మ పందిట్లోంచి కేక వేసింది. “ఆడ ఎందుకప్పా, నా పందిరి ముందర వరసగా పాతండి! పై నించి ఇంగొకడు వస్తే ముందు వాటిని గుద్దుకోనీ!” ఎవరూ నవ్వలేదు. మూడో బండను నేరుగా ఆమె పందిరి ముందుకే మోసుకుపోయారు.

అప్పుడే ఘాట్ మీద హారన్ మోగింది. ఆఖరి మలుపులో ఇంకో బండి కనబడింది. నిండా లోడు, పైకి నిక్కిన వెనకభాగం.

“అది గూడా నాదే,” అన్నాడు నూర్ అహ్మద్.

ఆపమని చెప్పడానికి ఆయన రోడ్డెక్కబోయాడు. బాబ్జీ బండను దించి, పరుగున పోయి ఆయన రెక్క పట్టుకున్నాడు. “అంత దగ్గర్నించి ఆపితే ఆగదు భాయ్. దూరం పోదాం పా.” ఇద్దరూ ఘాట్ వైపు పరుగెత్తారు. ఆ డ్రైవరుకు దూరం నుంచే కనబడాలని చేతులు రెండూ పైకెత్తి, రోడ్డుకు వారగా పరుగెత్తారు.